మిద్దె తోట – ఇల్లాలి బరువు

పట్టణములలో మన ఇండ్లకు పెరడు కరవైనది. నూఱు, నూటయేబది గజముల స్థలములో గోడకు గోడ తాకునట్లు ఇండ్లు కట్టుకొనిన పిదప తులసికోటకే చోటు వెదకుకొనవలసి వచ్చుచున్నది. ఇక కూరపాదుల మాట చెప్పనేల? ఆకాశము కనబడు తావు ఇంటిలో ఒక్కటే మిగిలినది. అది మిద్దె. అచ్చట వేసవిలో వడియములు పెట్టుకొందుము, బట్టలు ఆరవేసికొందుము. తక్కిన వేళలందు అది ఎండకు కాగుచు ఊరక పడియుండును. ఆ చోటును తోటగా చేసికొనుటను గూర్చి మాకు అనుభవమున తెలిసిన నాలుగు మాటలు సోదరీమణులకు మనవి చేయుదుము.

మాది సూర్యాపేట. ఈ ప్రాంతపు వేసవి ఎట్టిదో ఇక్కడ కాపురము చేయువారికి చెప్పవలసిన పనిలేదు. రోహిణి కార్తెలో పగలెల్ల కాగిన సిమెంటు కప్పు రాత్రి రెండు జాములైనను చల్లారదు. పంకా తిరిగినను వేడిగాలినే క్రిందికి త్రోయును. ఆ కప్పు క్రింద పగటివేళ ఉండువారెవరు? పొయ్యి దగ్గఱ నిలుచు ఇల్లాలు, చంటిబిడ్డ, మంచము పట్టిన ముసలివారు. కావున మిద్దె తోట కంటికి వేడుక మాత్రమే కాదు. ఇంటివారి ఆరోగ్యమునకు సంబంధించిన విషయము. మొక్కల నీడ ఎండను కప్పుపై పడనీయదు; ఆకులనుండి నీరు ఆవిరియగుచు చుట్టునున్న వేడిని కొంత హరించును.

ఈ సంగతి లోకమంతయు గుర్తించినది. కెనడా దేశమందలి టొరాంటో నగరమువారు 2009లోనే పెద్ద కట్టడముల కప్పులపై పచ్చదనముండవలెనని శాసనము చేసిరి. మన తెలంగాణ ప్రభుత్వమువారును 2023 ఏప్రిల్ నెలలో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, 600 చదరపు గజములును అంతకు మించిన స్థలములలో కట్టు ఇండ్లకు ఎండను తిప్పికొట్టు కప్పులను విధించిరి. అంతకు చిన్న ఇండ్లవారికి అది వారి ఇష్టమే. అనగా మనవంటివారి యింట ఇల్లాలి పూనికయే శాసనము.

కప్పుపై పచ్చదనము మనకు క్రొత్తది కాదు. మా నాయనమ్మగారి కాలమున గుడిసె కప్పుమీద సొరపాదు, గుమ్మడిపాదు ప్రాకని ఇల్లు పల్లెలో అరుదు. దూలములు, వాసములు పఱచి పైని మన్ను పోసిన మిద్దెలపై తొలకరికి గరికయు మొలిచెడిది. సిమెంటు కప్పు వచ్చినది, పాదు పోయినది. దానిని మరల తెచ్చినవారిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు పేర్కొనదగినవారు. వారు హైదరాబాదులో తమ మేడపై కూరగాయలు పండించి, ఆ అనుభవమును ‘మిద్దెతోట’ యను పుస్తకముగా వ్రాసిరి.

అయితే ఉత్సాహము కొలది మిద్దెనిండ మన్ను పోయరాదు. మన దేశపు కట్టడ ప్రమాణముల ప్రకారము మనుష్యులు తిరుగు మిద్దె చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల అదనపు బరువునకు తగినట్లు కట్టబడును. చదరపు అడుగునకు 14 కిలోలన్నమాట. తడిసిన మన్ను ఒక అంగుళము మందమునకే చదరపు అడుగున నాలుగు కిలోలకు పైగా తూగును. నాలుగంగుళముల మన్ను పఱచితిమా, హద్దు దాటినట్లే. కావున కుండీలే మేలు. పెద్ద కుండీలను క్రింద గోడలును, దూలములును ఉన్న వరుసలలో నిలుపవలెను. కప్పు నడుమ చిన్నవి ఎడముగా ఉంచవలెను. పాత మిద్దెలకు, పగుళ్లు వాఱిన మిద్దెలకు ముందుగా తెలిసిన ఇంజనీరును పిలిపించి చూపుట అవసరము.

మన్ను తేలిక చేసికొనుటకు మన ప్రాంతముననే సామగ్రి యున్నది. మిర్యాలగూడ రైసుమిల్లులకు పేరెన్నిక గన్న ఊరు. 1967లో నాగార్జునసాగరపు నీరు కాలువలకు వచ్చిన పిదప ఆ ప్రాంతమెల్ల వరిచేలైనది. వడ్ల తూకములో ఇంచుమించు అయిదవవంతు ఊకయే. అది త్వరగా కుళ్లదు. మన్నును గుల్లగా ఉంచును. మిర్యాలగూడలోని మా మేనత్తగారు పంపిన ఊకను మేము వాడుచున్నాము. ఎఱ్ఱమన్ను ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టును ఊకయు కలిపి ఒక పాలు మాకు చక్కగా కుదిరినది. మిల్లు బూడిద మాత్రము పిడికెడుకు మించి వేయరాదు. అది క్షారగుణము కలది.

కోదాడలో మా అక్కయ్య అద్దె యింట నున్నది. ఆమె కుండీలు తెచ్చిన నాడు ఇంటి యజమాని, “మిద్దె మీద మన్ను పోస్తే స్లాబుకు చెమ్మ పట్టదా?” అని అడ్డు చెప్పినాడు. ఆయన భయమును తప్పుపట్టరాదు; కప్పు చెడిన బాగుచేయించువాడు ఆయనయే కదా. అక్కయ్య వాదింపక, ప్రతి కుండీని నాలుగు ఇటుకలపై నిలిపి, క్రింద నీరు నిలువక తూమువైపు పాఱునట్లు చేసి, వానకాలము గడచిన పిదప ఆయనను పిలిచి కప్పు అడుగుభాగము చూపినది. చెమ్మ లేదు. ఇప్పుడు ఆయన భార్యయే కరివేపాకు కోసికొని పోవుచున్నది! కుండీల క్రింద పళ్లెములు పెట్టువారు వారమున కొకమారైనను వాని నీరు పాఱబోయవలెను. నిలిచిన మంచినీటిలోనే డెంగీ జ్వరపు దోమ పుట్టును.

మొదట ఆకుకూరలతో ఆరంభించుట మంచిది. తోటకూర, మెంతికూర నెల తిరుగకమునుపే కోతకు వచ్చును. చిక్కుడు మృగశిరలో పెట్టినను పొద్దు తగ్గినప్పుడే పూయును గావున తొందరపడరాదు. కోతులు తిరుగు పేటలలో టమాటోలపై ఆశ పెట్టుకొనక గోంగూర, బచ్చలి పెంచుకొనుడు, లేదా వల కట్టుకొనుడు. మిద్దె తోట ఇంటి కూరల ఖర్చంతయు తీర్చునని మేము చెప్పము. పులుసులోనికి లేత ఆకు, బిడ్డకు మందుల వాసన లేని కూర, జడలోనికి నాలుగు మల్లెలు. ఇంతమాత్రము తప్పక ఇచ్చును.

మిద్దె మోయు బరువును లెక్కించితిమి. ఇల్లాలు మోయు బరువును లెక్కించువారేరి? మా మేనత్తగారు ఒకనాడు నవ్వుచునే, “కూర అందరం తింటం, బిందె మాత్రం నేనే మొయ్యాలె” అన్నారు. ఆ నవ్వులో ఎంత అలసట యున్నదో మాకు తెలియును. ముప్పది కుండీలకు వేసవిలో మూడేసి లీటర్లు పోసినను తొంబది లీటర్లు; అనగా పదునైదు లీటర్ల బిందెలు ఆఱు, ప్రతిదినము, మెట్లెక్కి. ఉదయము నాలుగింటికి లేచి రాత్రి పదింటికి నడుము వాల్చు స్త్రీకి ఇది మఱియొక చాకిరియైనచో, ఆ తోట ఎంత పచ్చగానున్నను మేము దానిని మెచ్చము.

మా యింట ఒక కట్టుబాటు చేసికొంటిమి. మిద్దెపైకి కుళాయి గొట్టము వేయించిన తరువాతనే కుండీలు పది దాటినవి. ప్రొద్దుటి నీరు మగపిల్లల వంతు, సాయంకాలపు నీరు వారి తండ్రిగారి వంతు. విత్తనము, కోత మావి. మొదటి వారము సణుగుడు లేకపోలేదు; పిమ్మట తాను నీరు పోసిన బెండమొక్క పూచినదని చిన్నవాడే పిలిచి చూపినాడు.

సోదరులారా, సోదరీమణులారా! రానున్న మృగశిరకు అయిదు కుండీలతో మొదలిడుడు. ఇంటివారు ఎందఱు చేయి కలుపుదురో చూచి అంతవఱకే పెంచుడు. మన్ను తేలికగా, నీరు నిలువక, పని పంచుకొని సాగిన తోటయే నాలుగు కాలములు నిలుచును. అట్టి తోట నీడలో సాయంవేళ ఒక చాప పఱచుకొని కాసేపు ఊరక కూర్చుండు హక్కు ఇల్లాలికిని ఉన్నదని మఱువకుడు.