పీఎస్‌ఏ పరీక్షకు ముందు మాట్లాడుకోవలసినవి

ప్రోస్టేట్ మగవారిలో మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే చిన్న గ్రంథి. ఇది తయారుచేసే పీఎస్‌ఏ అనే ప్రొటీన్ రక్తంలో ఎంత ఉందో చూసి క్యాన్సర్ అనుమానాన్ని పసిగడతారు. అమెరికాలో ప్రతి 8 మంది మగవారిలో ఒకరికి జీవితకాలంలో ఈ క్యాన్సర్ బయటపడుతుంది. నల్లజాతివారిలో 6 మందిలో ఒకరికి వస్తుంది, దానితో చనిపోయే ప్రమాదం తెల్లజాతివారికంటే సుమారు రెండింతలు. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్న ప్రశ్న వారికి అంత బరువైనది.

పీఎస్‌ఏ పెరిగితే క్యాన్సరే అని కాదు. వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ సోకినా పెరుగుతుంది. బయటపడే క్యాన్సర్లలో కొన్ని ఎన్నేళ్లయినా ప్రాణం మీదికి రావు. వాటికీ ఆపరేషన్ చేసేస్తే మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన తగ్గడం వంటి బాధలు మిగులుతాయి. అందుకే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2012లో ఈ పరీక్ష వద్దంది. 2018లో మాట మార్చి, 55 నుంచి 69 ఏళ్లవారు డాక్టరుతో మాట్లాడి ఎవరికి వారే నిర్ణయించుకోవాలనీ, 70 దాటాక వద్దనీ చెప్పింది. ఈ సలహాలకు ఆధారమైన పెద్ద అధ్యయనాల్లో నల్లజాతివారు చాలా కొద్దిమంది. వారితో ఈ మాట 45వ ఏటనే మొదలుపెట్టాలని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ సూచిస్తోంది.

ఆ సంభాషణలో మొదట తెలుసుకోవలసింది కుటుంబ చరిత్ర. 47 ఏళ్ల బస్సు డ్రైవరు ఒకరు ఫారంలో ‘ఇంట్లో క్యాన్సర్ ఎవరికీ లేదు’ అని రాశారు. ‘మీ నాన్నగారు ఎలా పోయారు?’ అని డాక్టరు అడిగితే, ‘నడుం నొప్పితో మంచాన పడ్డారు, మళ్లీ లేవలేదు’ అన్నారు. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకుతుంది. అక్కడే కూర్చుని ఆయన మేనత్తకు ఫోన్ చేస్తే, తండ్రికి 61వ ఏట ఆ జబ్బే వచ్చిందని తెలిసింది. మగతనానికి సంబంధించిన జబ్బు కావడంతో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉంటే ముప్పు రెట్టింపవుతుంది. ఆయన ఆ రోజే రక్తం ఇచ్చి వెళ్లారు.

రెండోది నమ్మకం. అలబామాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ వైద్యులే సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు జబ్బు పేరు చెప్పలేదు, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ‘వాళ్లకూ మంచికే అన్నారుగా’ అని 63 ఏళ్ల రిటైర్డ్ కార్మికుడు అడిగితే ఆయన మాటను కొట్టిపారేయడం తగదు. అది నిజమేనని ఒప్పుకుని, లెక్క కాగితం మీద పెట్టాలి. 55–69 ఏళ్ల 1000 మంది పరీక్షలు చేయించుకుంటూ వస్తే, 13 ఏళ్లలో సుమారు 240 మందికి పీఎస్‌ఏ ఎక్కువ అని వస్తుంది. 100 మందికి క్యాన్సర్ తేలుతుంది. ముగ్గురికి జబ్బు ఒళ్లంతా పాకకుండా ఆగుతుంది, ఒకరి ప్రాణం దక్కుతుంది. చికిత్స వల్ల సుమారు 50 మందికి అంగస్తంభన దెబ్బతింటుంది, 15 మందికి మూత్రం నిలవదు. ఇవి ఎక్కువగా తెల్లజాతివారిలో తేలిన అంకెలన్న సంగతీ ఆ కాగితం మీదే ఉండాలి. ఆ పెద్దాయన కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లి, భార్యతో మాట్లాడి, మూడు వారాల తర్వాత ‘ఇప్పుడు వద్దు’ అన్నారు. తెలుసుకుని చెప్పిన ‘వద్దు’ కూడా సరైన నిర్ణయమే. దాన్ని కేసు షీటులో రాసి, మరుసటి ఏడు మళ్లీ అడగాలి.

మూడోది, పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని ముందే చెప్పడం. పీఎస్‌ఏ ఎక్కువుంటే మళ్లీ చూస్తారు, తర్వాత ఎంఆర్‌ఐ, అవసరమైతేనే బయాప్సీ. ముప్పు తక్కువ రకం క్యాన్సరైతే వెంటనే కత్తి పెట్టకుండా క్రమం తప్పక గమనిస్తూ ఉండవచ్చు.

ఈ మాటలు ఆస్పత్రి గదిలోనే జరగాలని లేదు. అమెరికా నగరాల్లో నల్లజాతివారి క్షౌరశాలల్లో, చర్చిల్లో ఈ అవగాహన కార్యక్రమాలు నడుస్తున్నాయి. ఏళ్ల తరబడి తల వంచి కూర్చున్న కుర్చీలో ఈ విషయం అడగడానికి మనిషి సంకోచించడు. అయితే మాటల వెనుక వైద్యం కూడా అందాలి. మాజీ సైనికుల ఆస్పత్రుల్లో అందరికీ ఒకే రకం వైద్యం దొరికినప్పుడు నల్లజాతివారి మరణాలు ఎక్కువగా లేవని అధ్యయనాల్లో తేలింది.