మూసిన గదిలో కుంపటా?

గత పుష్యమాసంలో యాచారంలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. పొద్దెక్కినా తలుపు తీయలేదు. గట్టిగా తడితే, గోడ పట్టుకుని వచ్చి తీసింది. తల పగిలిపోతోందట, కడుపులో తిప్పుతోందట. మంచం పక్కన కుంపటి. కిటికీ సందుల్లో గుడ్డలు.

"హీటరు పెడితే కరెంటు బిల్లు ఎవరు కడతరు బిడ్డా? బొగ్గులైతే ఇంట్లనే ఉన్నయి" అంది.

నిజమే. వెయ్యి వాట్ల హీటరు ఎనిమిది గంటలు పెడితే 8 యూనిట్లు. పింఛను డబ్బు మందులకే చాలదు. కానీ, మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమించి, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతి, మత్తు కనిపిస్తే ముందు మనిషిని ఆరుబయటికి చేర్చండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. పెద్దమ్మ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక తేరుకుంది.

మరి చలికి దారి? గదిని కాదు, మనిషిని వెచ్చగా ఉంచండి. నులకమంచం మీద పాతచీరల బొంత పరవండి. చలి కిందినుంచీ వస్తుంది. పైన గొంగడి కప్పండి. తలకు రుమాలు, కాళ్ళకు మేజోళ్ళు ఉండాలి. రాత్రి వేడిగా జొన్న గటక పెట్టండి. కుంపటి వాకిట్లో కాచుకుని, అక్కడే ఆర్పేయాలి.

వయసు మళ్ళినవారికి చలి తెలియకుండానే ఒళ్ళు చల్లబడుతుంది. "నాకు చలి లేదు" అంటే నమ్మకండి. పొట్టమీద చెయ్యి వేసి చూడండి. అక్కడా చల్లగా ఉంటే డాక్టరును పిలవవలసిందే.

ఈ రాత్రి పడుకునేముందు మీ ఇంటి పెద్దల గదిలోకి ఒక్కసారి తొంగిచూడండి.