ముదిమినెఱిగిన చేయి

చార్మినారు చెంత, లాడ్‌బజారు గాజుల గలగల వినవచ్చు మా యింటి వసారాలో, కన్నులకు తెల్లపొర క్రమ్మి, చెవులు మందగించిన మా ముసలి శునకమునకు దువ్వెన తాకినంతనే వెన్ను వణకును. అది మొండితనము కాదు. వచ్చు చేయి కానరాదు, కీళ్ల నొప్పి యెచ్చట రేగునో తెలియదు. కావున, జారెడు షాబాదు బండలపై గోనెపట్టా పఱచి, ఎదుటనే కూర్చుండి, దువ్వెనను ముందుగా వాసన చూడనిచ్చి, పాదముల జోలికి పోక, మెడనుండి భుజము మీదికి వెండ్రుకల వాలు ననుసరించి మెల్లగా దువ్వవలెను. అది మూతి నాకుకొనుట, మొగము త్రిప్పుకొనుట చాలునని చెప్పుటయే, అప్పుడు ఆగవలెను.

మహాప్రస్థానమున ధర్మరాజు శునకమును విడిచి స్వర్గమునకు రాననెను; ఆ త్యాగముకన్న, ఆ దారి పొడవునా దాని నడకకై తన నడకను తగ్గించుకొనెనా యనునదే నాకు ప్రశ్న. 1591 నాటి మీనారుల నీడన నిత్యము తొందరపడు ఈ వీథులలో నాకు తొందర లేదు. నేటికి ఎడమచెవి వెనుక చిక్కు విడినది. తక్కినది రేపు చూతము.