కప్పు కింద వంతెన

వంతెనకు ఇంటికప్పెందుకు? తొలిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. అమెరికాలోని అయోవా రాష్ట్రం, మ్యాడిసన్ కౌంటీ. మొక్కజొన్న చేల మధ్య, వాగుల మీద చెక్క గోడలూ పైకప్పూ ఉన్న వంతెనలు. కారణం తెలిశాక నవ్వు ఆగింది. బరువు మోసే దూలాలు వానకు నాని పుచ్చిపోతే మార్చడం తలకు మించిన ఖర్చు. కప్పు పలకలైతే చవకలో తేలిపోతాయి. పల్లె లెక్క అంటే అదే.

ఒకప్పుడు 19 ఉండేవట, ఇప్పుడు మిగిలినవి 6. వాటిలో పాతది 1870 నాటి ఐమ్స్ వంతెన. రాబర్ట్ జేమ్స్ వాలర్ 1992లో రాసిన నవల, 1995లో దాని మీద క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన సినిమా ఈ వంతెనలకు లోకమంతా పేరు తెచ్చాయి. కౌంటీ కేంద్రం వింటర్‌సెట్‌లో 1907లో నటుడు జాన్ వేన్ పుట్టిన చిన్న ఇల్లూ చూడవచ్చు.

నన్ను కదిలించింది మాత్రం సీడర్ వంతెన. 1883లో కట్టినది. 2002లో ఎవరో నిప్పుపెట్టారు. మళ్లీ కట్టుకున్నారు. 2017లో మళ్లీ తగలబెట్టారు. 2019 నాటికి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడున్న చెక్క పాతది కాదు, నిజమే. కానీ వారసత్వం చెక్కలో ఉండదు. కాలిన ప్రతిసారీ కట్టుకునే పట్టుదలలో ఉంటుంది.