దొంగ విడిచిన బండి

వస్తువు పోయిన యింట రెండు నష్టములు కలుగును. మొదటిది వస్తునష్టము, అది లెక్కకు వచ్చును. రెండవది మనుష్యులపై నుండిన నమ్మకము చెడుట. అది లెక్కకు రాదు. పోయిన వస్తువు దొరకినపుడు మొదటి నష్టము కొంతవఱకు తీరును గాని రెండవది దానంతట తీరునది కాదు. దానిని వేఱుగా బాగుచేసికొనవలెను. ఈ సంగతి మాకొక పాత స్కూటరు మూలమున తెలియవచ్చినది. సోదరీమణులలో ననేకుల యిండ్లలో నిట్టి పాతబండి యొకటి యుండకపోదు గావున, మా యనుభవము వారి కుపయోగపడునేమోయని వ్రాయుచున్నాము.

మాది రాజమహేంద్రవరము. మా మామగారు 1989లో బజాజ్ చేతక్ స్కూటరును కొనిరి. రాణా ప్రతాపుని గుఱ్ఱము పేరు పెట్టుకొన్న ఆ బండి 1972లో వచ్చినది మొదలు చాలకాలము, ముందుగా సొమ్ము కట్టి వరుసకై సంవత్సరముల తరబడి వేచిన గాని దొరకెడిది కాదు. పెట్రోలుతో నడచు ఆ చేతక్ తయారీ నిలిచి చాల యేండ్లయినది. 2020లో అదే పేరుతో వచ్చినది విద్యుత్తుతో నడచు బండి. మామగారు మాకు బండి నడుపుట నేర్పి, 2011లో స్వర్గస్థులైరి. యజమాని గతించిన మూడు నెలలలో వాహనమును వారసుల పేరిట మార్చుటకు దరఖాస్తు చేయవలెనని నిబంధన. ఆ ప్రకారము బండిని మా పేరిట వ్రాయించితిమి. పదునైదేండ్లు నిండిన బండికి అయిదేండ్ల కొకసారి రిజిస్ట్రేషనును పునరుద్ధరింపవలెను. అదియు తప్పక చేయించుచు వచ్చితిమి. మావారు ఉద్యోగరీత్యా విశాఖపట్టణమున నుందురు. కూరలు తెచ్చుటకైనను, బ్యాంకుపనికైనను, అత్తగారిని వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకైనను మాకు ఆ బండియే కాలుసేతులు.

2024 సంవత్సరము కార్తీకమాసములో నొకనాడు తెల్లవారుజామున అత్తగారు గోదావరీ స్నానమునకు లేచి చూచునప్పటికి వాకిట బండి లేదు. వెంటనే పోలీసు స్టేషనునకు పోయి ఫిర్యాదు వ్రాసియిచ్చితిమి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు మా వంటయింటి పద్దుల పుస్తకము మొదటి పుటలోనే వ్రాసియుండుటచే తడుముకొనవలసిన పనిలేకపోయెను. ప్రథమ సమాచార నివేదిక నకలును ఉచితముగా నిచ్చిరి. అట్లు పొందుట ఫిర్యాదిదారుని హక్కు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షనులో నిది స్పష్టముగా నున్నది. బండికి మూడవపక్షపు బీమా మాత్రమే యుండెను. అది చట్టప్రకారము చాలును గాని, దొంగతనమునకు దానివలన పైసయు రాదు.

ఇంతవఱకు జరిగినది అందఱి యిండ్లలో జరుగునదే. తరువాత జరిగినది వినుడు.

మా వీధి చివర ఇస్త్రీబండి పెట్టుకొన్న యాయనకు పదునేడేండ్ల కుమారుడు గలడు. వాడు ప్రతి యాదివారము వచ్చి మా స్కూటరును తుడిచి, పెట్రోలులో నూనె కొలిచి పోసి, ఒక సుత్తు వీధిచుట్టు త్రిప్పి తెచ్చి నిలుపుచుండెడివాడు. ఇరుగుపొరుగువారు పరామర్శకు వచ్చి, "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని యొకరును, "బండి గుట్టు తెలిసినవాడే చేసివుంటాడు" అని యొకరును అనుచు పోయిరి. పేరు చెప్పినవారు లేరు. చెప్పవలసిన యవసరమును లేకపోయెను. అత్తగారు ఆ రాత్రి, "అమ్మాయీ, ఆ పిల్లవాణ్ణి ఇక గడప తొక్కనివ్వకు" అనిరి. ఎవరిమీదనైన ననుమానమున్నదా యని పోలీసువారడిగినపుడు కంటితో చూడని దానిని వ్రాయించుటకు మాకు మనసొప్పలేదు. లేదని చెప్పితిమి. అయినను మాట గాలిలో పోవును గదా! తరువాతి యాదివారము పిల్లవాడు రాలేదు. వాని తండ్రి ఇస్త్రీబట్టలు తెచ్చి అరుగుమీద పెట్టి, తలయెత్తకుండ పోయెను. ఆరేండ్లుగా ఆ బట్టలతోపాటు నాలుగు మాటలు చెప్పక పోనివాడు.

పదునొకండవ దినమున గోదావరి ఆవలియొడ్డున కొవ్వూరు ప్రాంతములో బండి యొకటి దిక్కులేక పడియున్నదని కబురు వచ్చినది. నంబరు పలక లేదు. చాసిస్ నంబరునుబట్టి మాదేయని తేలినది. ఇచట సోదరీమణులు గమనింపదగిన విషయము లున్నవి. దొరకిన బండిని చూడగానే తుడువరాదు, కదిలింపరాదు. పోలీసువారు పరీక్షించి పంచనామా వ్రాయువఱకు అట్లే యుంచవలెను. చాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండింటిని కాగితములతో పోల్చవలెను. ఒక బండి ఇంజనును మఱియొక బండికి మార్చు దొంగలును గలరు. పోయిన నంబరు పలక సంగతిని ప్రత్యేకముగా వ్రాయించవలెను. అది వేఱొక బండిమీద కనబడినచో మనకు చిక్కు రాకుండును.

బండి దొరకినను వెంటనే యింటికి రాదు. మేజిస్ట్రేటుగారి యుత్తరువు కావలెను. బండ్లను స్టేషను ఆవరణలో నెలల తరబడి యెండకు వానకు వదలరాదని, ఫొటోలు తీసి, పంచనామా వ్రాసి, పూచీకత్తు తీసికొని శీఘ్రముగా యజమానికి అప్పగింపవలెనని, సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో సుప్రీము కోర్టువారు 2002లోనే చెప్పియున్నారు. కాగితము లన్నియు మా పేరిట సక్రమముగా నుండుటచే మూడు వారములలో బండి మా చేతికి వచ్చినది.

దానిని చూచినపుడు మాకు దుఃఖము వచ్చినమాట నిజము. హేండిలును బలముగా విఱిచి త్రిప్పుటచే దాని తాళము విఱిగినది. హెడ్‌లైటు క్రింది తీగలు తెగియున్నవి. స్టెప్నీ చక్రము లేదు, ప్రక్కడొప్ప యొకటి లేదు. కిక్కు కొట్టబోయిన కాలు దిగలేదు. పాత యినుము కొనువాడు వచ్చి 3,000 రూపాయలిత్తుననెను. మావారు ఫోనులో, "దానిమీద ఇంకా డబ్బు తగలేయడమెందుకు?" అనిరి. మేము బండిని ట్రాలీమీద నెక్కించి, మామగారి కాలమునుండి యెఱిగిన వృద్ధ మెకానిక్కు దుకాణమునకు చేర్చితిమి.

ఆయన ఇంజను విప్పి చూచి, "అమ్మగారూ, పిస్టను పట్టేసింది. నూనె లేకుండా నడిపారు" అనెను. ఈ మాట కొంచెము వివరింపవలెను. నేటి స్కూటర్లలో నూనె ఇంజను అడుగున వేఱుగా నుండును. మా బండివంటి టూస్ట్రోకు బండ్లలో నట్లు కాదు. లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల చొప్పున టూటీ ఆయిలు కలిపి పోయవలెను. పిస్టనునకు తడి యిచ్చునది పెట్రోలుతో వచ్చు ఆ నూనెయే. ఉత్త పెట్రోలు పోసి నడిపినచో పిస్టను వేడెక్కి, ఉబ్బి, సిలిండరు గోడకు కఱచుకొని నిలిచిపోవును. దొంగ దారిలో ఉత్త పెట్రోలు పోయించుకొనెను, బండి మొరాయించెను, విడిచి పోయెను. ఆ బండిని మాకు తిరిగి యిప్పించినది వాని తెలియనితనమే!

మెకానిక్కు చేతులు తుడుచుకొనుచు మఱియొక మాట యనెను: "ఈ బండి సంగతి తెలిసినవాడు చేసిన పని కాదమ్మగారూ ఇది. తెలిసినవాడు నూనె మరిచిపోడు. వాడికి తాళం విరవాల్సిన పని కూడా వుండదు."

ఇంటికి వచ్చి ఆ మాటను అత్తగారికి ఉన్నదున్నట్లు చెప్పితిమి. ప్రతి యాదివారము తాళపుచెవి ఆ పిల్లవాని చేతిలోనే యుండెడిది. నూనె కొలిచి పోసినదియు వాడే. అత్తగారు చాలసేపు మాటాడలేదు. ఇది న్యాయస్థానములో నిలుచు సాక్ష్యము కాకపోవచ్చును. దొంగ యెవరో నేటికిని తేలలేదు. కాని పిల్లవానిమీది యనుమానమునకు ఈపాటి సాక్ష్యమైనను లేకుండెను గదా! మఱునాడు ఉదయమున అత్తగారు తామే వీధిచివఱకు నడచిపోయి, ఇస్త్రీబండియొద్ద నిలిచి, పదిమంది వినుచుండగా, "బండి మరమ్మతులో వుంది నాయనా, దగ్గరుండి చూసుకోవాలి, వస్తావా?" అని యడిగిరి. ఏమాట పదిమంది నోట పోయినదో, దానికి సమాధానము పదిమంది యెదుటనే చెప్పవలెనని వారి యభిప్రాయము. పిల్లవాడు తండ్రి ముఖము చూచెను. తండ్రి పెట్టె ప్రక్కన పెట్టి తల యూచెను.

మరమ్మతు పదిదినములు పట్టినది. సిలిండరు లోపలిగోడను లేతు మిషనుమీద సన్నగా చెక్కించి, ఆ కొలతకు తగిన కొంచెము పెద్ద పిస్టనును, క్రొత్త రింగులను వేసిరి. బ్రేకుతీగలు, క్లచ్చితీగ, చక్రముల నట్లు అన్నింటిని పరీక్షించి గాని బండి నెక్కరాదని మెకానిక్కు చెప్పెను. దొంగచేతి బండిలో ఏది వదులైనదో మనకు తెలియదు. ఇట్లు బోరు చేయించిన యింజనును మొదటి కొన్నివందల కిలోమీటర్లు మెల్లగా నడుపవలెను. మొత్తము 11,000 రూపాయలు పైబడినది. దుబారా యని కొందఱందురు. మాకు రోజు రిక్షాలకు, ఆటోలకు నగు వ్యయముతో పోల్చినచో నష్టము తోచలేదు.

ఇక భద్రత సంగతి. తాళముచెవి త్రిప్పినచో ఇంజనునకు ప్రాణము వచ్చునని మనమనుకొందుము. ఈ పాతబండ్లలో నది వ్యతిరేకము. ఇంజను తిరుగునపుడు మాగ్నెటో నిప్పురవ్వను తానే పుట్టించును. తాళము చేయు పని, బండి నాపునపుడు ఆ కరెంటును బండి యినుమునకు మళ్ళించుటయే. కావున ఆ తీగను తెంచినచో తాళముతో పనిలేకయే బండి నడచును. దొంగ చేసినది అదియే. దానికి విరుగుడుగా మెకానిక్కు మఱియొక తీగను వేఱుదారిని తెచ్చి, దానికి చిన్నమీట యమర్చెను. ఆ మీట నొక్కియుంచినంతసేపు ఎంత తన్నినను రవ్వ పుట్టదు. అది యెక్కడ నున్నదో పత్రికలో వ్రాయుట యుచితము కాదు గావున వ్రాయము.

హేండిలు తాళమును క్రొత్తది వేయించితిమి. రాత్రులందు పెట్రోలు మీటను కట్టివేయుదుము. అపుడు కార్బురేటరులోని కొంచెపు పెట్రోలు తీరగానే బండి నిలిచిపోవును. అరుగు స్తంభములో ఇనుపకడియమును సిమెంటుతో బిగించి, దానికిని ముందుచక్రమునకును గట్టి గొలుసు వేయుచున్నాము. గొలుసు నేలకు తగులరాదు. నేలపై నున్నదానిని సుత్తితో కొట్టుట సులభము. అసలు కాగితములను బండి పెట్టెలో నుంచుట మాని, ప్రభుత్వమువారి డిజిలాకరులో నుంచితిమి. ఆ ప్రతులు చెల్లునని 2018లోనే కేంద్రప్రభుత్వము తెలిపినది. ఏ తాళమును దొంగను శాశ్వతముగా నాపలేదు. ప్రతి తాళమును కొన్ని నిమిషముల నడ్డగించును. దొంగకు లేనివి ఆ నిమిషములే.

కాని మా యింట నిజమైన కాపలా వేఱు. బండి యెట్లు నడచునో ఇప్పుడు అత్తగారికి తెలియును, మాకు తెలియును, ఆ పిల్లవానికి తెలియును. మీట యెక్కడనున్నదో ముగ్గురికే తెలియును. మూడవవానికి చెప్పవలెనన్నది అత్తగారి నిర్ణయము. "తెలిసినవాడు దగ్గర వుంటేనే బండికి క్షేమం" అని వారనిరి.

కావున సోదరీమణులారా, మీ యింటి బండి పాతదైనను క్రొత్తదైనను, దాని నంబరులను మీ పుస్తకములో వ్రాసికొనుడు. కాగితములు ఎవరి పేరిట నున్నవో చూచుకొనుడు. అది నడచు తీరును ఒక్కపూట కూర్చుండి తెలిసికొనుడు. పురుషుల పనియని వదలకుడు. ఒకవేళ దొంగతనమే జరిగినచో, తాళము విఱిగినదా, తీగ తెగినదా యని వస్తువునే ముందుగా అడుగుడు. అది చెప్పు సాక్ష్యము విన్న తరువాతనే మనుష్యులవైపు చూడుడు. విఱిగిన తాళమునకు మాఱుతాళము అంగడిలో దొరకును.