మేస్త్రి, మాస్టారు
బెజవాడలో ఇల్లు కట్టేది తాపీ మేస్త్రి, బడిలో పాఠం చెప్పేది మాస్టారు. ఈ రెండు మాటలూ తోబుట్టువులు. లాటిన్‌లో ‘మాగిస్టర్’ అంటే పెద్ద, గురువు. అదే ఇటలీలో మాయెస్ట్రో, ఫ్రాన్సులో మేత్ర్, జర్మనీలో మైస్టర్. పోర్చుగీసు వాళ్ల ‘మెస్త్రె’ ఓడలెక్కి వచ్చి మన మేస్త్రి అయింది. తర్వాత వచ్చిన ఇంగ్లీషు మాస్టర్ మన మర్యాద నేర్చుకుని మాస్టారైంది. ఇటలీ వాళ్లు సంగీత విద్వాంసుడికిచ్చిన మాటను మనం తాపీ పట్టిన చేతికిచ్చాం. సరిగ్గానే ఇచ్చామంటాను. రాయి చూడగానే ఏ పక్క ఎటు కూర్చోవాలో చెప్పగలగడం చిన్న విద్యా? 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్టను కట్టించిన కెప్టెన్ ఓర్ పేరు చరిత్రలో ఉంది. అక్కడ రాళ్లు పేర్చిన మేస్త్రుల పేర్లూ ఉండాల్సింది.