సొంత కోర్టు లేని ఏడాది

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మా 2020 పదో తరగతి బ్యాచ్ వాళ్ళం వాట్సాప్ గ్రూపులో వారం రోజులు తర్జనభర్జన పడ్డాం. ఉదయం ఐదింటి బెల్లు, నీళ్ళ సాంబారు, స్టడీ అవర్లో కునికిపాట్లు, ఇవన్నీ పాత సంచికల్లో అన్నలు మాకంటే బాగా రాసేశారు. అందుకే మేం మెక్సికో నగరంలోని ఒక బాస్కెట్‌బాల్ జట్టు గురించి రాస్తున్నాం. నవ్వకండి, చివరిదాకా చదవండి.

ఆ జట్టు పేరు కాపిటానెస్. స్పానిష్‌లో కెప్టెన్లు అని అర్థం. మెక్సికోకు సొంత ప్రొఫెషనల్ లీగ్ 2000లో మొదలైతే ఈ జట్టు 2017లో అందులో అడుగుపెట్టింది. 1968 ఒలింపిక్స్‌లో వాలీబాల్ జరిగిన హువాన్ దె లా బర్రేరా జిమ్నేషియంలో ఆడేది. 2019 డిసెంబరులో ఎన్.బి.ఏ. కమిషనర్ ఆడమ్ సిల్వర్ మెక్సికో నగరానికి వచ్చి, ఈ జట్టును జి లీగ్‌లో చేర్చుకుంటున్నామని ప్రకటించాడు. జి లీగ్ అంటే ఎన్.బి.ఏ.కి కింది మెట్టు. అక్కడ రాణించినవాళ్ళకు పైనుంచి పిలుపు వస్తుంది. అమెరికా, కెనడాలు కాకుండా వేరే దేశపు జట్టు అందులో చేరడం అదే మొదలు. 2020-21 సీజన్ నుంచి ఆడాలి.

మూడు నెలలు తిరిగేసరికి కరోనా వచ్చింది.

2020 మార్చిలో మన హాస్టల్ గేటు ముందు ట్రంకు పెట్టెలు వరుసగా పెట్టుకుని నిలబడ్డ రోజు మాలో ఎవరికీ మరుపు రాదు. పది రోజుల్లో వచ్చేస్తాంలే అనుకుని సగం పుస్తకాలు ర్యాకుల్లోనే వదిలేశాం. ఆ తర్వాత పరీక్షలు రద్దయ్యాయి, అందరం పాసయ్యాం. కానీ అందరం ఇంటర్‌లో చేరలేదు. మా జట్టులో అందరికంటే పొడుగువాడు, వంగిపోయిన మన రింగులో కూడా పదికి ఏడు వేసేవాడు, వాళ్ళ నాన్నతో తాపీ పనికి హైదరాబాదు పోయాడు. నెల రోజులకేనన్నాడు. నెలలు సంవత్సరాలయ్యాయి.

కాపిటానెస్ గురించి మాకు చెప్పింది అతనే. కట్టే బిల్డింగు దగ్గరే రాత్రిళ్ళు పడుకుంటూ ఫోన్లో ఆటలు చూసేవాడు. ఒకరోజు గ్రూపులో ఒక వీడియో పెట్టి, "వీళ్ళకీ సొంత ఊళ్ళో ఆడే రాత లేదురా" అని రాశాడు.

నిజమే. 2020-21లో జి లీగ్ ఆటలన్నీ ఫ్లోరిడాలో ఒకేచోట పెట్టారు, అందులో కాపిటానెస్ లేదు. 2021-22లో ఎట్టకేలకు చేరారు గానీ మకాం టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో. ఆడినవన్నీ పరాయి కోర్టులే. జెర్సీ మీద మెక్సికో నగరం పేరు, ఎదురుగా ఎవరి జనమో. చప్పట్లు ఎప్పుడూ అవతలివాళ్ళకే. సెలవుల్లో కూడా ఇంటికి పోలేక హాస్టల్లో మిగిలిపోయినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఇప్పుడు ఎన్.బి.ఏ.లోని 30 జట్లకూ జి లీగ్‌లో ఒక్కో అనుబంధ జట్టు ఉంది. పెద్ద జట్టు తన కుర్రాళ్ళను అక్కడికి పంపి సాన పట్టిస్తుంది. కాపిటానెస్‌కు మాత్రం అలాంటి పెద్దదిక్కు లేదు. తన ఆటగాళ్ళను తనే వెతుక్కోవాలి.

2022 నవంబరులో ఇంటికొచ్చారు. ఇరవై వేల మందికి పైగా పట్టే అరేనా సియుదాద్ దె మెహికోలో, సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, అంటే మన అరకుకు రెట్టింపు కంటే ఎక్కువ ఎత్తున ఆట. అక్కడి పలుచటి గాలికి అలవాటు లేని జట్లకు ఆయాసం తప్పదు. పరాయి కోర్టుల్లో తిరిగినవాళ్ళకు ఆ మాత్రం లాభం ఉండాల్సిందే అని మా అభిప్రాయం.

అయితే మాలో గొడవ వచ్చింది ఇక్కడే. సొంత లీగ్‌ను వదిలి అమెరికా లీగ్‌కు పోవడం ఎదుగుదలా, లేక మెట్లెక్కి కిందివాళ్ళను మరచిపోవడమా? సగం మంది ఎదుగుదలే అన్నారు. సగం మంది ఒప్పుకోలేదు. మెక్సికో అనగానే మనకు ఫుట్‌బాలే గుర్తొస్తుంది గానీ, అక్కడ బాస్కెట్‌బాల్ పాతది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకున్నారు. వహాకా రాష్ట్రపు కొండల్లో ఊరి నడిబొడ్డున కోర్టు ఉంటుంది. ఆ రాష్ట్రానికే చెందిన త్రికి గిరిజన పిల్లలు 2013లో అర్జెంటీనా వెళ్ళి, చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడి, పిల్లల టోర్నమెంటు గెలుచుకొచ్చారు. ఆ జట్టులో ఉండాలంటే బాగా చదవాలి, ఇంటిపని చేయాలి, తమ భాష మాట్లాడాలి. ఇంత వేరు ఉన్న ఆట, పెద్ద జట్టు ఒకటి పక్కకు పోయినంత మాత్రాన ఎండిపోతుందా అని ఒకడు. పోదు గానీ, పోయినవాళ్ళు తిరిగి చూడాలి కదా అని ఇంకొకడు.

అప్పుడు మా పొడుగువాడు హువాన్ టోస్కానో-ఆండర్సన్ కథ చెప్పాడు. ఓక్లాండులో పుట్టిన మెక్సికో సంతతి కుర్రాడు. 2015లో డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. మెక్సికో వెళ్ళి అక్కడి జట్లకు ఆడాడు. 2018లో శాంటా క్రూజ్ వారియర్స్ పెట్టిన సెలక్షన్లకు మామూలు కుర్రాళ్ళతో కలిసి పోయాడు. 2022లో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌తో ఎన్.బి.ఏ. టైటిల్ గెలిచి మెక్సికో జెండా కప్పుకున్నాడు. ఆ మరుసటి ఏడాది కాపిటానెస్‌కు ఆడటానికి వచ్చాడు. "పోయినోడు రాడని ఎవడన్నాడు?" అని పెట్టాడు మావాడు. ఆ రాత్రి గ్రూపులో ఎవరూ ఇంకేమీ రాయలేదు. అతను ఎవరి గురించి అన్నాడో మాకు తెలుసు.

పోయిన వేసవిలో మేమంతా హాస్టల్‌కు వచ్చినప్పుడు అతనూ వచ్చాడు, ఒక సంచీతో. అందులో తాపీ, మట్టపుకర్ర ఉన్నాయి. మనం ఎన్ని అర్జీలు పెట్టినా నిలబడని బాస్కెట్‌బాల్ స్తంభానికి మధ్యాహ్నం కల్లా కొత్త సిమెంటు దిమ్మ కట్టాడు. మేం ఇసుక జల్లించాం, నీళ్ళు మోశాం. రింగు సరిచేయించాం. వారం దాకా ఎవరూ వేలాడొద్దని చిన్నపిల్లలను ఒకటికి రెండుసార్లు హెచ్చరించి మరీ బస్సెక్కాడు.

నెట్టు ఇంకా లేదు. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మేం తెస్తాం.